మీ సరుకును మొదటి పది కిరాణా దుకాణాల్లో పెట్టించి, రెండో ఆర్డరు తెచ్చుకోవడం ఎలా?

పాలమూరు, నల్లగొండ వైపు ఇంటి దగ్గరో చిన్న షెడ్డులోనో తినుబండారాలు, గానుగ నూనె, పచ్చళ్లు, జొన్న పిండి వంటివి తయారు చేసి అమ్మాలనుకునేవారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "సరుకు బాగుందని తిన్నవాళ్లందరూ అంటున్నారు, కానీ దుకాణాల వాళ్లు పెట్టుకోవడం లేదు, పెట్టుకున్నా మళ్లీ అడగడం లేదు. ఏం చేయాలి?" ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ మెట్లు రాస్తున్నాను. ఉదాహరణకు పల్లి పట్టీని తీసుకున్నాను, ఎందుకంటే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పల్లి పంట ఎక్కువ, దానితో చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవారూ ఎక్కువే. మీ సరుకు వేరైనా పద్ధతి ఇదే.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. మొదటి ఆర్డరు మీ మాట వల్లనో, దుకాణదారుడి మొహమాటం వల్లనో, చుట్టరికం వల్లనో రావచ్చు. రెండో ఆర్డరు మాత్రం ప్యాకెట్ అమ్ముడైతేనే వస్తుంది. అందువల్ల కింది ప్రతి మెట్టులోనూ "ఇది నాకు రెండో ఆర్డరు తెస్తుందా?" అన్న ప్రశ్న వేసుకుంటూ చదవండి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు, దాని 14 అంకెల నంబరు ముద్రించిన ప్యాకెట్.
- లేబుల్ మీద సరుకు పేరు, వాడిన పదార్థాలు, పోషక విలువలు, శాకాహార గుర్తు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, గ్రాముకు పడే ధర, తయారీ తేదీ, వాడవలసిన గడువు, బ్యాచ్ నంబరు, తయారుదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు. పల్లీలు కొందరికి పడవు కాబట్టి ఆ విషయమూ స్పష్టంగా ఉండాలి.
- కార్బన్ కాపీ వచ్చే బిల్లు పుస్తకం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు.
- ఒక్కో దుకాణానికి ఒక్కో పేజీ కేటాయించిన నోటుబుక్కు.
- రుచి చూపించడానికి విడిగా కట్టిన చిన్న ముక్కలు, మూత ఉన్న డబ్బా.
- మీ నంబరుతో తెరిచిన వాట్సాప్ బిజినెస్ ఖాతా, యూపీఐ క్యూఆర్ కోడ్.

విజిటింగ్ కార్డులు, రంగుల కరపత్రాలు, లోగో ముద్రించిన టీషర్టులు ఈ దశలో అవసరం లేదు. ఆ డబ్బును ప్యాకింగ్ మీద పెట్టండి. అతుకు ఊడిన ప్యాకెట్‌ను ఏ కరపత్రమూ అమ్మిపెట్టలేదు.

1. ధర లెక్కను ఇంటి దగ్గరే తేల్చుకోండి

దుకాణం ముందు నిలబడి ధర ఆలోచించేవారు తప్పకుండా నష్టానికి ఒప్పుకుంటారు. 200 గ్రాముల ప్యాకెట్‌కు ఎమ్మార్పీ 100 రూపాయలు అనుకుందాం. ముడిసరుకు, కూలి, గ్యాసు, ప్యాకింగ్ కలిపి 52, పెట్రోలుకు 6, విరిగినవీ వాపసు వచ్చినవీ లెక్కేస్తే 4, దుకాణదారుడికి 20 పోతే మీకు 18 మిగులుతుంది. ఇవి పద్ధతి చూపించడానికి వేసిన అంకెలు మాత్రమే. మీ ఖర్చులు మీరే రాసుకోవాలి, మీ ఇంటివాళ్ల కష్టానికి కూడా కూలి కట్టి రాసుకోవాలి.

ఇక్కడ రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. మొదటిది పెట్రోలు లెక్క. ఒక తిరుగుడుకు 300 ఖర్చయి 50 ప్యాకెట్లు దించితే ప్యాకెట్‌కు 6 పడుతుంది. అదే దారిలో 20 ప్యాకెట్లే దించితే 15 పడుతుంది, అంటే మీ మిగులు సగానికి పడిపోతుంది. రెండోది శాతం లెక్క. దుకాణదారుడు "పాతిక శాతం కావాలి" అన్నప్పుడు అది దేని మీద అని అడగండి. ఆయన 80కి కొని 100కి అమ్మితే పెట్టుబడి మీద 25 శాతం, ఎమ్మార్పీ మీద 20 శాతం. ఎమ్మార్పీ మీదనే 25 అడిగితే మీరు 75కే ఇవ్వాలి. ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ప్రతి ప్యాకెట్ మీదా ఐదు రూపాయలు పోతాయి.

"డజనుకు ఒకటి ఉచితం" అనే స్కీమును కూడా ఇట్లాగే పరీక్షించండి. 12 ప్యాకెట్ల ధరకు 13 ఇస్తే ప్యాకెట్‌కు మీకు వచ్చేది 80 కాదు, 74 కంటే కాస్త తక్కువ. మీ మిగులు 18 నుంచి 12 దగ్గరికి దిగుతుంది. మొదటి ఆర్డరుకే స్కీము ఇస్తే తర్వాత స్కీము లేకుండా ఎవరూ తీసుకోరు, కాబట్టి దానిని పండుగ రోజుల కోసం దాచుకోండి.

2. పది దుకాణాలను ఒకే లైనులో ఎంచుకోండి

నల్లగొండలో రెండు, సూర్యాపేటలో రెండు, దేవరకొండలో మూడు అంటూ చెల్లాచెదురుగా పెట్టకండి. జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర ఒక లైను. నల్లగొండ, తిప్పర్తి, మిర్యాలగూడ ఒక లైను. వీటిలో ఒక్కదానిని పట్టుకుని, వారానికి ఒకసారి ఒకే రోజున తిరగగలిగేట్టుగా దుకాణాలు చూసుకోండి.

అన్నిటికన్నా పెద్ద దుకాణమే మంచిదని అనుకోవద్దు. పెద్ద దుకాణంలో మీ ప్యాకెట్ నలభై రకాల మధ్య కనబడకుండా పోతుంది, అక్కడ మాట్లాడవలసిన సేటు గల్లా దగ్గర ఉండకపోవచ్చు. బడి దగ్గర, బస్టాండు దగ్గర, కాలనీ మూలమలుపులో ఉండి, యజమానే స్వయంగా కూర్చునే మధ్యరకం దుకాణాలు మొదటి పదికి సరిగ్గా సరిపోతాయి.

ఎంచుకున్న ప్రతి దుకాణానికీ ముందు గిరాకీగా వెళ్లి ఏదో ఒకటి కొనండి. పట్టీలు, మురుకుల వంటివి ఏ వరుసలో ఉన్నాయో, ఏ ధరలో ఉన్నాయో, గల్లా దగ్గర డబ్బాల్లో ఏం పెట్టారో చూసి, బయటికి వచ్చి నోటుబుక్కులో రాసుకోండి. ఎండ నేరుగా పడే అర ఉన్న దుకాణాన్ని గుర్తుపెట్టుకోండి: మన ఎండాకాలంలో అక్కడ పెట్టిన పట్టీ మెత్తబడుతుంది, పల్లీ కమురు వాసన వస్తుంది, చెడ్డపేరు మాత్రం మీకే వస్తుంది.

3. వెళ్లే వేళ

పొద్దున రద్దీలోనూ, సాయంత్రం దీపాలు పెట్టిన తర్వాతా వెళ్లకండి. పదకొండు నుంచి ఒంటిగంట వరకు, మళ్లీ మూడు నుంచి నాలుగున్నర వరకు చాలా దుకాణాల్లో తీరిక ఉంటుంది. హోల్‌సేల్ సరుకు దిగే రోజున సేటుకు మీ మాట వినే ఓపిక ఉండదు. అమావాస్య నాడు కొత్త సరుకు పెట్టుకోనివారు, బోణీ కాకముందు డబ్బు బయటికి తీయనివారు, శుక్రవారం చెల్లింపులు చేయనివారు మన దగ్గర చాలామంది ఉన్నారు. మీకు నమ్మకం ఉన్నా లేకున్నా వారి పట్టింపును గౌరవించండి, ఎవరికి ఏ పట్టింపు ఉందో పేజీ మీద రాసుకోండి.

4. ఏం మాట్లాడాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తయారుచేసినవారికి తమ సరుకు మీద ప్రేమ ఉంటుంది. అందుకే బెల్లం ఎక్కడిదో, పల్లీలు ఎట్లా వేయిస్తారో, ఉద్యోగం ఎందుకు మానేశారో అన్నీ చెప్పాలనిపిస్తుంది. దుకాణదారుడు ఆ సమయంలో ఆలోచించేవి మూడే మూడు: ఇది నా దగ్గర కదులుతుందా, నాకు ఎంత మిగులుతుంది, కదలకపోతే ఎవరు వెనక్కి తీసుకుంటారు. మీ మాట ఈ మూడింటికీ జవాబు కావాలి, నిమిషంలో అయిపోవాలి.

ఇట్లా మాట్లాడి చూడండి:

"నమస్తే సేటూ. మాది పక్కనే, మేం పల్లి పట్టీ తయారు చేస్తం. మీ దుకాణంల బడి పిల్లలు, ఆడవాళ్లు ఎక్కువ వస్తరని చూసిన. ఈ ముక్క ఒకటి రుచి చూడండి. మీకు ఎనభైకి పడుతది, వందకు అమ్ముతరు. ఒక డజను పెట్టుకోండి, వచ్చే బుధవారం నేనే వస్త, కదలకపోతే నేనే వాపసు తీసుకుంట."

ఇంతే చెప్పి ఆగండి. ఆగడం చాలామందికి కష్టమనిపిస్తుంది. సేటు రెండు క్షణాలు మౌనంగా ఉండగానే కంగారుపడి "పోనీ డెబ్బై ఐదుకు తీసుకోండి" అంటారు. ఆయన అప్పటికి ధర అడగనే లేదు, రుచి చూస్తున్నాడు అంతే. ఆయన నోరు తెరిచేవరకు మీరు మాట్లాడకండి.

పిలుపు విషయంలో ఆ దుకాణంలో మిగతావారు ఎట్లా పిలుస్తున్నారో విని అట్లాగే పిలవండి: సేటు, అన్న, అక్క, కాక ఏదైనా కావచ్చు. వయసులో చిన్నవాడైనా గల్లా మీద కూర్చున్నవారిని "మీరు" అనే పిలవండి. అట్లాగే మధ్యలో గిరాకీ వస్తే వెంటనే పక్కకు జరగండి. ఆయన అమ్మకానికి అడ్డు రాలేదన్న విషయాన్ని దుకాణదారుడు తప్పకుండా గమనిస్తాడు.

హెచ్చరిక: "షుగరు తగ్గుతుంది, గుండెకు మంచిది, మోకాళ్ల నొప్పులు పోతాయి" వంటి మాటలు నోటితోనూ, లేబుల్ మీదా, వాట్సాప్‌లోనూ వాడకండి. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. "బెల్లంతో చేసినది" అన్నది నిజమైతే అంతవరకే చెప్పండి.

ఇంటి దగ్గర సాధన చేయడం సిగ్గుపడవలసిన పని కాదు. ఫోన్‌లో మీ మాటను రికార్డు చేసుకుని వినండి. నిమిషం దాటిందా, ధర గొంతు తగ్గించి చెప్పారా, "కొంచెం", "ఏమనుకోకపోతే" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయి అని చూసుకోండి. ధరను తల ఎత్తి, మామూలు గొంతుతో చెప్పగలిగేవరకు సాధన చేయండి.

5. కాదన్నప్పుడు

"ఇప్పటికే రెండు రకాల పట్టీలున్నయి" అంటే వాదించకండి. "వాటిల ఏది ఎక్కువ పోతది సేటూ, ఎందుకు?" అని అడగండి. ఆయన చెప్పే జవాబు మీకు డబ్బు పెట్టినా దొరకని సమాచారం: చిన్న ప్యాకెట్ పోతుందనో, పది రూపాయల ముక్క పోతుందనో చెబుతాడు. దానిని బట్టి మీ ప్యాకెట్ మార్చుకోవచ్చు.

"ధర తగ్గించు" అంటే వెంటనే తగ్గించకండి. తగ్గింపుకు బదులుగా ఏదైనా అడగండి. ఉద్దెర కాకుండా నగదు ఇస్తే రెండు రూపాయలు తగ్గిస్తాననో, గల్లా పక్కన చోటిస్తే తగ్గిస్తాననో చెప్పవచ్చు. ఊరికే తగ్గించిన ధర రెండో రోజుకల్లా పక్క దుకాణానికి తెలుస్తుంది, అప్పుడు అందరికీ తగ్గించవలసి వస్తుంది.

"తర్వాత చూద్దాం" అంటే అది చాలావరకు కాదనడమే. అయినా "మంచిది సేటూ, వచ్చే బుధవారం ఈ లైనుల వస్త" అని చెప్పి, ఆ బుధవారం నిజంగా వెళ్లండి. చెప్పిన రోజుకు మళ్లీ వచ్చే చిన్న వ్యాపారులు తక్కువ కాబట్టి, రెండోసారి కనబడిన మనిషికి మర్యాద పెరుగుతుంది. మూడుసార్లు వెళ్లినా కాదంటే ఆ పేజీ మూసి మరో దుకాణం చూసుకోండి.

6. మొదటి సరుకు, ఉద్దెర

ఒక్కో దుకాణానికి ఒక్క డజను మాత్రమే ఇవ్వండి. సేటు మూడు డజన్లు అడిగినా, మొదటిసారి డజనే ఇచ్చి వారంలో వస్తానని చెప్పండి. అమ్ముడుపోని సరుకు నిండుగా ఉన్న అర కన్నా, రెండే ప్యాకెట్లు మిగిలిన అర మీకు మేలు చేస్తుంది.

చెల్లింపుకు మూడు దారులున్నాయి. నగదు అన్నిటికన్నా మంచిది, తక్కువ దొరుకుతుంది. రెండోది, ముందటి డజను డబ్బు ఇచ్చాకే కొత్త డజను దించడం. మొదటి పది దుకాణాలకు నేను దీనినే గట్టిగా సూచిస్తాను, ఎందుకంటే మీ డబ్బు ఎప్పుడూ ఒక డజనుకు మించి ఇరుక్కోదు. మూడోది "అమ్ముడైనంక ఇస్తం" అనే పద్ధతి. కొత్త సరుకుకు ఇది తప్పకపోవచ్చు, కానీ గడువు తేదీ చెప్పకుండా ఒప్పుకోకండి: "రెండు వారాలకు ఎన్ని పోతే అన్నిటికీ డబ్బు, మిగిలినవి వాపసు" అని మొదటి రోజే మాట తీసుకోండి.

ఎంత తెలిసినవారైనా బిల్లు రాయండి, కాపీ మీద సంతకం తీసుకోండి. "మనవాళ్లే కదా" అని రాయకుండా వదిలిన బాకీయే చివరికి చుట్టరికాన్ని చెడగొడుతుంది.

సూపర్ మార్కెట్లు, హోటళ్ల వంటి పెద్ద కొనుగోలుదారులకు ఇచ్చేటప్పుడు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ముందే చేసుకోండి. అధికారిక పోర్టల్‌లో దానికి ఫీజు లేదు, డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మవద్దు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి, ఒప్పందం లేకపోతే 15 రోజులు దాటి, నమోదైన చిన్న తయారుదారుకు డబ్బు ఆపకూడదని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది; ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ పడుతుంది. ఈ నిబంధనను బెదిరింపుగా వాడకుండా, బిల్లు కింద "చెల్లింపు గడువు: 30 రోజులు" అని ముద్రించుకోండి.

7. మొదటి రెండు వారాలు

సరుకు దించగానే పని సగమే అయింది. ప్యాకెట్లు కంటి ఎత్తులో ఉండేట్టు సేటును అడిగి మీరే సర్దండి. దుకాణంలో పనిచేసే పిల్లవాడికి కూడా రుచి చూపించండి, గిరాకీ "పట్టీ ఉందా?" అంటే చేయి ఏ ప్యాకెట్ మీద పడాలో ఆ క్షణంలో నిర్ణయించేది ఆ పిల్లవాడే. సేటు ఒప్పుకుంటే ఒక సాయంత్రం గంటసేపు అక్కడే నిలబడి వచ్చినవారికి ముక్క ఇవ్వండి, కొనమని బలవంతపెట్టకండి. వారు ముఖం ఎట్లా పెట్టారు, ధర చూసి ప్యాకెట్ కింద పెట్టారా, లేబుల్ తిప్పి చదివారా అన్నది చూడండి.

8. వారం వారం సరిచూసుకునే పద్ధతి

ప్రతి దుకాణం పేజీలో నాలుగు గడులు చాలు: తేదీ, ఇచ్చినవి, మిగిలినవి, వచ్చిన డబ్బు. "బాగానే పోతున్నయి" అనే మాటను లెక్కగా తీసుకోకండి. సేటు అనుమతితో మీరే లెక్కపెట్టండి.

రెండు వారాల్లో డజనులో ఎనిమిది, అంతకు మించి పోతే ఆ దుకాణం నిలబడినట్టే, రెండో ఆర్డరు అడగండి. నాలుగు నుంచి ఏడు పోతే చోటు మార్చి మరో రెండు వారాలు చూడండి. నాలుగుకన్నా తక్కువ పోతే అలిగి మాట్లాడకుండా సరుకు వాపసు తీసుకుని, సేటుకు ధన్యవాదాలు చెప్పి రండి. ఒక్క దుకాణంలోనే ఆగిపోతే లోపం అక్కడి చోటుది లేదా గిరాకీది కావచ్చు. పదింటిలో ఏడింట ఆగిపోతే లోపం మీ ధరలోనో, ప్యాకెట్ పరిమాణంలోనో, రుచిలోనో ఉంది. అప్పుడు పదకొండో దుకాణానికి వెళ్లకండి, ముందు దానిని సరిచేయండి.

చుట్టాలు, స్నేహితులు వెళ్లి కొన్న ప్యాకెట్లను ఈ లెక్కలో కలపకండి. ప్రేమతోనే కొంటారు, కానీ ఆ అమ్మకం మీకు తప్పు సమాచారం ఇస్తుంది.

9. రెండో ఆర్డరు అడగడం, వాట్సాప్ వాడకం

"ఇంకా కావాల్నా సేటూ?" అని అడిగితే "ఇప్పుడు వద్దు" అనే జవాబు సులభంగా వస్తుంది. దానికి బదులు లెక్కతో అడగండి: "పోయిన రెండు వారాల్ల తొమ్మిది పోయినయి, మూడు మిగిలినయి. డజను దించుతున్న, పోయిన డజను లెక్క 960." అంకె ముందు పెడితే బేరం తగ్గుతుంది.

లైనుకు వెళ్లే ముందు రోజు సాయంత్రం ఒక్క సందేశం పంపండి: "నమస్తే సేటు గారు, రేపు బుధవారం లైనుకు వస్తున్నాను. మీ దగ్గర పట్టీ ఎన్ని మిగిలాయో చెప్తే అంత సరుకు తెస్తాను." రోజూ శుభోదయం బొమ్మలు పంపేవారి నంబరును దుకాణదారులు మ్యూట్ చేస్తారు, అసలు సందేశం అందులో మునిగిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో పంపేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: మీ నంబరు సేవ్ చేసుకోనివారికి ఆ సందేశం చేరదు. సరుకు దించిన రోజే వారి ఫోన్‌లో మీ పేరు, సరుకు పేరు కలిపి సేవ్ చేయించండి. బాకీ విషయం మాత్రం గ్రూపుల్లో ఎప్పుడూ రాయకండి; నేరుగా వెళ్లి, గిరాకీ లేనప్పుడు, తక్కువ గొంతుతో అడగండి.

10. పండుగలు, జాతరలు

బతుకమ్మ, దసరా, సంక్రాంతికి దుకాణాలు మూడు వారాల ముందే సరుకు నింపుకుంటాయి; పండుగ వారంలో వెళితే అరలో చోటుండదు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, మాఘంలో చెర్వుగట్టు జాతర వంటివి నేరుగా గిరాకీకి అమ్మి, రుచి గురించి వారి నోటనే వినడానికి మంచి అవకాశాలు. అయితే జాతర అమ్మకం చూసి దుకాణాలకు సరుకు పెంచకండి; అక్కడి గిరాకీ వేరు, నెలవారీ సామాన్ల గిరాకీ వేరు.

వాపసు సరుకు

గడువుకు నెల రోజుల ముందే ప్యాకెట్లను మీరే వెనక్కి తీసుకోండి, సేటు ఫోన్ చేసేవరకు ఆగవద్దు. అట్లా తీసుకున్న వాటి మీద కొత్త తేదీ స్టిక్కరు అంటించి మరో దుకాణంలో పెట్టడం నేరం, ఒక్కసారి బయటపడితే లైను మొత్తం పోతుంది. ఇంకా గడువున్న ప్యాకెట్లను రుచి ముక్కలుగా వాడుకోండి, వాపసు సంఖ్యను బ్యాచ్ నంబరుతో సహా నోటుబుక్కులో రాయండి. ఒకే బ్యాచ్‌వి రెండు మూడు దుకాణాల నుంచి వాపసు వస్తుంటే ఆ రోజు బెల్లం పాకం లేతగా దింపారేమో, ప్యాకెట్ అతుకు సరిగా పడలేదేమో చూసుకోండి, ఆ బ్యాచ్‌లో మిగిలిన ప్యాకెట్లను కూడా అదే వారం లైనులో తిరిగి తెచ్చేయండి.